ఏజీ గారు ఎవరి లాయరు?

మీ ప్రశ్నని ముందు రెండు ముక్కల్లో చెప్తాను, మిగతావాళ్లకి కూడా అర్థమవుతుంది. మీ నాన్నగారు ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. మొదట్లో తాత్కాలికంగా పనిచేసిన ఏళ్లని కూడా సర్వీసులో కలిపి పెన్షన్ సవరించమని హైకోర్టు ఆర్డరిచ్చింది, కాపీ అందిన 8 వారాల్లో చేయమంది. కాపీ ఇచ్చి ఎనిమిది నెలలైంది. ఆఫీసులో అడిగితే "ఏజీ గారి ఒపీనియన్‌కి పంపాం" అంటున్నారు. కోర్టు ధిక్కరణ కేసు వేద్దామంటే "దానికి ఏజీ అనుమతి కావాలి" అని ఎవరో చెప్పారు. ప్రభుత్వం పెట్టుకున్న లాయరు ప్రభుత్వం మీద కేసుకి అనుమతి ఎందుకిస్తాడు, అసలు ఆయన ఎవరి మనిషి, ఆయనకే ఒక ఉత్తరం రాయాలా అని అడిగారు.

నేను హైకోర్టులో పాతికేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను, మధ్యలో కొన్నేళ్లు అసిస్టెంట్ గవర్నమెంట్ ప్లీడరుగా అటువైపు బల్ల దగ్గర కూడా కూర్చున్నాను. మీరు అడిగిన ఈ "ఎవరి మనిషి" అన్న ప్రశ్ననే నన్ను ఒక అధికారి మొహం మీదే అడిగారు, ఆ సంగతి తర్వాత చెప్తాను. కొంచెం పెద్ద సమాధానమే ఇది, ఓపిగ్గా చదవండి, మీ కేసుకి పనికొచ్చేది చివర్లో ఉంది.

ముందు ఒక అనుమానం తీర్చుకోండి. మన దగ్గర "ఏజీ ఆఫీసు" అంటే రెండున్నాయి. పెన్షన్ కాగితాలు మామూలుగా వెళ్లేది అకౌంటెంట్ జనరల్ ఆఫీసుకి, అది లెక్కల ఆఫీసు, దానికీ కోర్టు కేసులకీ సంబంధం లేదు. ఒపీనియన్ అన్నారు కాబట్టి మీ ఫైలు అడ్వకేట్ జనరల్ దగ్గరికి వెళ్లి ఉండాలి, అంటే రాష్ట్ర ప్రభుత్వపు ప్రధాన న్యాయవాది. కానీ గుమాస్తా ఏ ఏజీ అన్నాడో మీకు తెలియకుండా ఏం చేసినా వృథా. ఈ రెండింటినీ కలిపేసుకుని ఆరు నెలలు తప్పు ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లని నేను చూశాను. శాఖ పంపిన లేఖ నంబరు, తేదీ అడిగి రాసుకోండి.

ఇక ఆయన ఎవరి మనిషి అన్నది. ఇది మన దగ్గర పుట్టిన పదవి కాదు, ఇంగ్లండు నుంచి వచ్చింది. అక్కడ మధ్యయుగంలో న్యాయస్థానాలన్నీ రాజువే. న్యాయమూర్తులు రాజు పేరు మీద తీర్పు చెప్తారు. మరి రాజుకే ఎవరితోనైనా భూమి తగాదానో, బాకీ తగాదానో వస్తే? తన కోర్టులో తానే చేతులు కట్టుకుని నిలబడి వాదించుకోలేడు కదా. అందుకని తన బదులు నిలబడే మనిషిని పెట్టుకున్నాడు. అటార్నీ అన్న మాటకి మొదటి అర్థం అదే, ఒకరి బదులు నిలబడేవాడు. 1243లో లారెన్స్ డెల్ బ్రోక్ అనే ఆయనకి రాజు కేసులు నడిపినందుకు డబ్బు ఇచ్చినట్టు రికార్డు ఉంది. అటార్నీ జనరల్ అన్న హోదా పేరు 1461 నుంచి కనిపిస్తుంది. అంటే పుట్టుకలో ఇది అచ్చంగా రాజుగారి మనిషి పదవే, అందులో దాచుకోడానికేమీ లేదు.

రాజుగారి మనిషిగా ఆ పదవి ఎంత దూరం వెళ్లిందో తెలియాలంటే సర్ ఎడ్వర్డ్ కోక్‌ని చూడాలి. 1594లో అటార్నీ జనరల్ అయ్యాడు. 1603లో సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహం కేసు నడిపినప్పుడు, సాక్షిని ఎదురుగా పిలిపించమని రాలీ మొత్తుకుంటున్నా వినకుండా, నిండు కోర్టులో ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టి శిక్ష వేయించాడు. అదే కోక్ తర్వాత న్యాయమూర్తి అయ్యాక, రాజు కూడా చట్టానికి లోబడే ఉండాలని జేమ్స్ రాజు ఎదురుగానే నిలబడి చెప్పాడు, చివరికి 1616లో పదవి పోగొట్టుకున్నాడు. మనిషి ఒక్కడే. ఏ కుర్చీలో కూర్చుంటే ఆ కుర్చీ మాట మాట్లాడాడు. ఆ రెండు కుర్చీల మధ్య దూరాన్ని తగ్గించడానికి ఇంగ్లండుకి ఇంకో మూడు వందల ఏళ్లు పట్టింది.

ఆ తర్వాతి కథలో నాకు ముఖ్యంగా కనిపించేది 1924. క్యాంబెల్ అనే కమ్యూనిస్టు పత్రిక సంపాదకుడి మీద కేసు పెట్టి, మళ్లీ ఉపసంహరించుకున్నారు. మంత్రివర్గం ఒత్తిడి వల్లే అటార్నీ జనరల్ వెనక్కి తగ్గాడని గొడవ లేచింది, ఆ గొడవలో లేబర్ పార్టీ మొదటి ప్రభుత్వమే పడిపోయింది. ఆ దెబ్బతో అందరికీ ఒక సంగతి అర్థమైంది. ఎవరి మీద కేసు పెట్టాలి, ఎవరి మీద వద్దు అన్న నిర్ణయం అటార్నీ జనరల్ సొంతంగా తీసుకోవాలి. 1951లో అప్పటి అటార్నీ జనరల్ సర్ హార్ట్‌లీ షాక్రాస్ పార్లమెంటులో దాన్ని స్పష్టంగా చెప్పాడు: తోటి మంత్రులని సమాచారం అడగొచ్చు, వాళ్ల అభిప్రాయం వినొచ్చు, కానీ ఇలా చేయి అని వాళ్లు చెప్పకూడదు, బాధ్యత ఆయన ఒక్కడిదే. కాకపోతే అక్కడ అటార్నీ జనరల్ అధికార పార్టీ మనిషే, ప్రభుత్వంలో మంత్రిహోదాలోనే ఉంటాడు. ఆ ఇరుకు ఎలా ఉంటుందో ఇరాక్ యుద్ధం అప్పుడు బయటపడింది. ఆ యుద్ధం చట్టబద్ధమేనా అన్నదాని మీద 2003 మార్చి 7న అప్పటి అటార్నీ జనరల్ లార్డ్ గోల్డ్‌స్మిత్ ప్రధానికి ఇచ్చిన రహస్య సలహా 13 పేజీలు, అందులో అటూ ఇటూ బోలెడు సందేహాలు. పది రోజులకి, మార్చి 17న పార్లమెంటుకి ఇచ్చిన జవాబు చాలా చిన్నది, అందులో సందేహమే లేదు. పూర్తి సలహా జనం చూసింది 2005లో, అప్పటికి యుద్ధం మొదలై రెండేళ్లు.

అమెరికా సంగతి ఇక్కడ మనకి అంత అవసరం లేదు. 1789లో ఒక్క మనిషితో మొదలైన పదవి, 1870లో న్యాయశాఖ ఏర్పడ్డాక పెద్ద యంత్రాంగానికి అధిపతి పదవి అయింది, అక్కడ ఆయన క్యాబినెట్ సభ్యుడు. మనవాళ్లు ఆ దారి పట్టలేదు.

మన దగ్గరికి వద్దాం. కంపెనీ కాలం నుంచే కలకత్తా, మద్రాసు, బొంబాయి ప్రెసిడెన్సీలకి అడ్వకేట్ జనరల్ ఉండేవాడు, మొదట్లో వాళ్లు ఇంగ్లండు నుంచి వచ్చిన బారిస్టర్లే. మద్రాసులో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయుడు వి. భాష్యం అయ్యంగార్, 1897లో, అదీ తాత్కాలికంగా. ఆ తర్వాత 1929 నుంచి 1944 దాకా మద్రాసు అడ్వకేట్ జనరల్‌గా ఉన్నది నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. పదిహేనేళ్లు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ అప్పుడు మద్రాసు హైకోర్టు కిందే కాబట్టి మన తాతల కాలపు భూమి తగాదాల్లో, పన్నుల కేసుల్లో సర్కారు తరఫున వినిపించిన గొంతు ఆయనదే. తర్వాత రాజ్యాంగం రాసిన ఏడుగురు సభ్యుల డ్రాఫ్టింగ్ కమిటీలో కూడా ఉన్నారు. 1935 భారత ప్రభుత్వ చట్టం కింద దేశానికి మొదటి అడ్వకేట్ జనరల్ అయిన బ్రోజేంద్రలాల్ మిట్టర్ కూడా మొదట ఆ కమిటీలోనే ఉన్నారు. ఆయన తప్పుకున్నాక ఆ స్థానంలోకి వచ్చింది మచిలీపట్నంలో పుట్టిన న్యాపతి మాధవరావు. అంటే ఈ పదవిని లోపలినుంచి చూసినవాళ్లకి మన రాజ్యాంగం రాతలో చోటు దొరికింది.

అందుకే కాబోలు, మన ఏర్పాటు ఇంగ్లండు దానికి నకలుగా రాలేదు. 76వ అధికరణం కింద కేంద్రానికి అటార్నీ జనరల్‌ని రాష్ట్రపతి నియమిస్తారు, సుప్రీంకోర్టు జడ్జి కావడానికి ఉండాల్సిన అర్హతలే ఆయనకీ ఉండాలి. 165 కింద రాష్ట్రానికి అడ్వకేట్ జనరల్, హైకోర్టు జడ్జి అర్హతతో, గవర్నర్ నియమిస్తారు. వీళ్లు మంత్రులు కారు, ఎన్నికల్లో గెలిచి రారు. అయినా పార్లమెంటులో, అసెంబ్లీలో లేచి మాట్లాడే హక్కుంది, ఓటు హక్కు లేదు. దీని భావం ఏమిటంటే చట్టం గురించి సభకి చెప్పు, పార్టీ లెక్కల్లో చేరకు అని. న్యాయశాఖ మంత్రి వేరు, లా సెక్రటరీ వేరు, ఈయన వేరు. చాలామంది ఈ ముగ్గురినీ ఒకటే అనుకుంటారు.

మీరు అడగలేదు గానీ, ప్రభుత్వం మారగానే అడ్వకేట్ జనరల్ ఎందుకు రాజీనామా చేస్తారు అని చాలామంది అడుగుతుంటారు. రాజ్యాంగం ముసాయిదాలో ముఖ్యమంత్రి రాజీనామా చేస్తే అడ్వకేట్ జనరల్ కూడా దిగిపోవాలి అని ఒక క్లాజు ఉండేది. రాజ్యాంగ సభ దాన్ని తీసేసి, గవర్నర్‌కి ఇష్టం ఉన్నంతకాలం కొనసాగుతారు అని మాత్రమే ఉంచింది. కాగితం మీద నుంచి పోయింది గానీ ఆచారంలోంచి పోలేదు. నా ఉద్దేశంలో ఇది మనకి జరిగిన నష్టం. ఐదేళ్లకోసారి ఏజీ నుంచి కింద ఏజీపీ (అసిస్టెంట్ గవర్నమెంట్ ప్లీడరు) దాకా మొత్తం ఆఫీసు మారిపోతుంది, నడుస్తున్న కేసుల్లో గత ప్రభుత్వం కోర్టుకి ఏం హామీ ఇచ్చిందో కొత్తవాళ్లకి తెలిసేసరికి ఆరు నెలలు, ఈలోపు మీ నాన్నగారి లాంటివాళ్ల ఫైలు అల్మారాలోనే ఉంటుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. పాత చట్టాల్లో అడ్వకేట్ జనరల్‌కి ప్రభుత్వంతో సంబంధం లేని పని ఒకటుండేది. ఊళ్లో సత్రం భూములో, ధర్మసంస్థ ఆస్తులో ధర్మకర్తలు మింగేస్తుంటే, సంబంధం ఉన్న ఇద్దరు మనుషులు అడ్వకేట్ జనరల్ రాతపూర్వక అనుమతి తీసుకుని కేసు వేయొచ్చు, సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ అది. 1976 సవరణతో ఆ అనుమతి ఇచ్చే పని కోర్టుకే వెళ్లిపోయింది. కానీ దాని వెనక ఉన్న ఆలోచన గమనించండి. నోరులేని ధర్మసంస్థ తరఫున, ఊరందరి తరఫున కూడా నిలబడేవాడు అని ఆయన్ని చూసేవారు. రాజుగారి మనిషి కాస్తా మెల్లగా ప్రజల మనిషి కూడా అయ్యాడన్నమాట. మీరు అడిగిన ధిక్కరణ అనుమతి కూడా ఈ వేరు నుంచే వచ్చింది.

ఇప్పుడు స్వతంత్ర భారతంలో ఆ కుర్చీ ఎలా నడిచిందో చూద్దాం, నాకు ముఖ్యమైనది ఇదే. మొదటి అటార్నీ జనరల్ ఎం.సి. సెతల్వాడ్, 1950 నుంచి 1963 దాకా, ఇప్పటిదాకా అంతకాలం చేసినవాళ్లు లేరు. 1957లో ఎల్‌ఐసీ డబ్బు కోటికి పైగా ముంధ్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లలో పెట్టారని పార్లమెంటులో ఫిరోజ్ గాంధీ బయటపెట్టారు. జస్టిస్ చాగ్లా కమిషన్ వేశారు. 1958 మొదట్లో బహిరంగ విచారణ జరిగితే, కేంద్ర ప్రభుత్వానికి సలహాదారైన అటార్నీ జనరలే కమిషన్‌కి సాయంగా నిలబడి అదే ప్రభుత్వపు ఆర్థికమంత్రిని, కార్యదర్శిని ప్రశ్నించారు. ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. సెతల్వాడ్ ఆ తర్వాత ఇంకో ఐదేళ్లు అదే పదవిలో ఉన్నారు, ఎవరూ ఆయన్ని దిగిపొమ్మనలేదు. ప్రభుత్వానికీ, ఆ కుర్చీకీ రెండింటికీ గౌరవం తెచ్చిన రోజులవి.

రెండో చిత్రం ఎమర్జెన్సీ. విచారణ లేకుండా జైల్లో పెట్టినవాళ్లు హెబియస్ కార్పస్, అంటే అక్రమంగా నిర్బంధించారు విడిపించండి అనే పిటిషన్, వేయొచ్చా లేదా అన్నది సుప్రీంకోర్టు ముందుకి వచ్చింది. అప్పటి అటార్నీ జనరల్ నీరేన్ డే, వేయకూడదని వాదించారు. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక ప్రశ్న అడిగారు: ఒక పోలీసు అధికారి తన సొంత పగతో ఒక మనిషిని చంపేస్తే? అప్పుడైనా కోర్టుకి రావొచ్చా? నా వాదన ప్రకారం ఎమర్జెన్సీ ఉన్నంతకాలం దారి లేదు, ఇది మీ మనస్సాక్షిని కలచివేయవచ్చు, నా మనస్సాక్షినీ కలచివేస్తోంది అన్న అర్థంలో డే జవాబిచ్చారు. 1976 ఏప్రిల్ 28న తీర్పు వచ్చింది. నలుగురు ప్రభుత్వం వైపు, ఖన్నా ఒక్కరు ఎదురు.

ఈ జవాబుని నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో చెప్పలేను. ఆయన అబద్ధం చెప్పలేదు, తన వాదన ఎక్కడికి దారితీస్తుందో దాచలేదు, అది నిజాయితీయే. కానీ మనస్సాక్షి కలత పడుతోందని తెలిశాక కూడా ఆ వాదన పూర్తిచేసి కూర్చున్నారు. అదే సమయంలో అడిషనల్ సొలిసిటర్ జనరల్‌గా, అంటే అటార్నీ జనరల్ కింద కేంద్రం తరఫున వాదించే లాయరుగా ఉన్న ఫాలీ నారిమన్ ఎమర్జెన్సీ ప్రకటించిన వెంటనే, 1975 జూన్ ఆఖర్లో, రాజీనామా చేసి బయటికి వచ్చేశారు. ఒకే ఆఫీసు, ఒకే కాలం. ఈ పదవిలో ఉన్నవాడికి ప్రభుత్వం చెప్పిందల్లా వాదించాల్సిన పని లేదని, తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుందని ఆయన చూపించారు. 1978లో 44వ సవరణ ద్వారా ఎమర్జెన్సీలో కూడా జీవించే హక్కుని పక్కన పెట్టకూడదని రాశారు, ఆ తీర్పుని సుప్రీంకోర్టు 2017లో తనంతట తానే తప్పని కొట్టేసింది.

మన రాష్ట్రాల స్థాయిలో ఇంత పెద్ద సంగతులు ఎప్పుడూ ఉండవు. కానీ చిన్నవాటిలోనే ఆ ఆఫీసు విలువ తెలుస్తుంది. 1958లో కృష్ణా జిల్లా బస్సు రూట్లని రాష్ట్రం జాతీయం చేసినప్పుడు ప్రైవేటు బస్సు యజమానులు సుప్రీంకోర్టుకి వెళ్లారు. అభ్యంతరాలు విన్నది కార్యదర్శి, నిర్ణయం తీసుకున్నది ముఖ్యమంత్రి, విన్నవాడు ఒకడు తీర్పు చెప్పేవాడు ఇంకొకడు ఎలా కుదురుతుందని కోర్టు ఆ ఆర్డర్ని కొట్టేసింది. రాష్ట్రం మళ్లీ మొదటి నుంచి, ఈసారి ముఖ్యమంత్రే స్వయంగా విని నిర్ణయించాక, 1959లో అదే కోర్టు దాన్ని నిలబెట్టింది. లా చదివే పిల్లలందరూ ఈ కేసు చదువుతారు. మామూలు మనిషికి అందులో పనికొచ్చేది ఏమిటంటే, ప్రభుత్వం చేయాలనుకున్న పనిని తప్పు దారిలో కాకుండా సరైన దారిలో చేయించే సలహా ఎవరైనా ఇవ్వాలి, ఆ సలహా మొదటి రోజే దొరికితే ఏడాది కోర్టు ఖర్చు, టెన్షన్ ఎవరికీ ఉండవు. ఆ పని ఏజీ ఆఫీసుది.

పని పెరిగింది కాబట్టి అడిషనల్ అడ్వకేట్ జనరల్స్‌ని కూడా పెట్టుకుంటున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో దాని మీదే కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2004లో కోర్టు, వాళ్లని పెట్టుకోవచ్చు గానీ రాజ్యాంగం ఇచ్చిన పని మాత్రం అడ్వకేట్ జనరల్ ఒక్కరిదే అంది. కాబట్టి మీ ఫైల్లో వచ్చిన ఒపీనియన్ మీద ఎవరి సంతకం ఉందో కూడా ముఖ్యమే.

ఇప్పుడు నా సంగతి. నేను ఏజీపీగా ఉన్న మొదటి ఏడాది, రోడ్డు వెడల్పు చేయడానికి తీసుకున్న భూమికి పరిహారం కేసు ఒకటి వచ్చింది. తన తోటలో 14 మామిడి చెట్లు పోయాయని రైతు, చెట్లే లేవని శాఖ. జిల్లా నుంచి ఒక సూపరింటెండెంట్ రాత్రి బస్సెక్కి ఫైలు పట్టుకుని పొద్దున తొమ్మిదిన్నరకి మా ఆఫీసుకి వచ్చాడు, పాపం మొహం కూడా సరిగ్గా కడుక్కోలేదు. పేరావారీ రిమార్కులు తెచ్చాడు, ప్రతి పేరాకీ "పిటిషనరు చెప్పింది అవాస్తవం" అని రాసుంది. కౌంటర్, అంటే కోర్టుకి శాఖ ఇచ్చే జవాబు, తయారుచేయడానికి ఫైలు తిప్పుతుంటే, నోట్ ఫైలుకి వెనకాల, ఎర్ర దారం కింద, పంచనామా కాగితం ఉంది. అందులో వాళ్ల సర్వేయరే, "మామిడి చెట్లు 14, వయసు సుమారు 20 ఏళ్లు" అని రాసి సంతకం పెట్టాడు.

నేను ఆ కాగితం తీసుకెళ్లి మా జీపీ (గవర్నమెంట్ ప్లీడరు) గారికి చూపించాను. ఆయన చాలాసేపు చూసి "కౌంటర్ వేయొద్దు, కాగితం కోర్టుకే చూపిద్దాం" అన్నారు. పదిన్నరకి కేసు పిలిచారు. జీపీ గారు లేచి, రికార్డు పిటిషనరుకి అనుకూలంగా ఉంది, శాఖ మళ్లీ లెక్కకట్టడానికి నాలుగు వారాలు టైమ్ ఇప్పించండి అని అడిగారు. జడ్జిగారు పంచనామా తీసుకుని చదివి, ఒక్క నిమిషంలో ఆర్డరు చెప్పేశారు. బయట వరండాలో ఆ శాఖ అధికారి నన్ను పట్టుకుని కోపంగా అడిగారు: "మీరు ఎవరి లాయరండీ? మాకా, వాడికా?" నేను అప్పుడు ఏం మాట్లాడాలో తెలియక నిలబడిపోయాను. జీపీ గారు వచ్చి, "మేం మీ లాయర్లమేనండీ, మీరు తప్పు అఫిడవిట్ మీద సంతకం పెట్టకుండా ఆపాం" అన్నారు. ఆ మాట నా మనసులో అలాగే ఉండిపోయింది.

మీ ప్రశ్నకి నా జవాబు అదే. ఆయన ప్రభుత్వం లాయరే. కానీ ప్రభుత్వం అంటే ఆ రోజు కుర్చీలో ఉన్న అధికారో, మంత్రో కాదు. కోర్టుకి నిజం చెప్పే బాధ్యత కూడా ఆ గౌనుతోపాటే వచ్చింది. ఏజీ గొప్ప లాయరా కాదా అన్నది ఆయన గెలిచిన కేసులతో నేను కొలవను. "ఇది అప్పీలుకి తగిన కేసు కాదు" అని ఫైలు మీద ఎన్నిసార్లు రాశారో దాంతో కొలుస్తాను. ఆ లెక్క బయటికి రాదు. ఆ ఒపీనియన్లు జనానికి కనిపించవు. ఆర్టీఐలో అడుగుదామంటే, అటార్నీ జనరల్ ఆఫీసు ఆ చట్టం కిందికి వస్తుందని ఢిల్లీ హైకోర్టులో 2015లో ఒక జడ్జి చెబితే, 2017లో ఇద్దరు జడ్జీల బెంచి రాదని కొట్టేసింది. శాఖలు కూడా తమకి వచ్చిన ఒపీనియన్ కాపీ ఇవ్వడానికి మామూలుగా ఒప్పుకోవు.

ఇక ధిక్కరణ అనుమతి సంగతి. మీకు చెప్పినవాళ్లు సగమే చెప్పారు. 1971 చట్టంలో కోర్టు ధిక్కరణ రెండు రకాలు. కోర్టుని అవమానించే మాటలు, రాతలు, విచారణకి అడ్డుపడటం లాంటివి క్రిమినల్ ధిక్కరణ. అలాంటి కేసు ఎవరైనా బయటి మనిషి వేయాలంటే 15వ సెక్షన్ కింద సుప్రీంకోర్టుకైతే అటార్నీ జనరల్ లేదా సొలిసిటర్ జనరల్, హైకోర్టుకైతే అడ్వకేట్ జనరల్ రాతపూర్వక అనుమతి కావాలి. కోపం వచ్చిన ప్రతివాడూ కోర్టుకి పరిగెత్తకుండా ఒక వడపోత అది. 2020 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి జడ్జీల మీద ఆరోపణలతో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి రాసిన లేఖని బయటపెట్టినప్పుడు, ధిక్కరణ కేసుకి అనుమతివ్వమని ఒక న్యాయవాది అడిగితే, నవంబరులో అటార్నీ జనరల్ కె.కె. వేణుగోపాల్ నిరాకరించారు, విషయం ప్రధాన న్యాయమూర్తి దగ్గరే ఉంది కదా అన్నది ఆయన కారణం. ఆ నిర్ణయం నచ్చినవాళ్లున్నారు, నచ్చనివాళ్లున్నారు, కానీ కారణం రాసి, సంతకం పెట్టి చెప్పారు. ఆ పని అలాగే జరగాలి.

మీ నాన్నగారిది ఇది కాదు. కోర్టు ఆర్డరు ఇచ్చింది, శాఖ తెలిసీ అమలు చేయలేదు. ఇది సివిల్ ధిక్కరణ. దీనికి ఏ ఏజీ అనుమతీ అక్కర్లేదు. మీ నాన్నగారే పిటిషనరు కాబట్టి నేరుగా హైకోర్టులో వేయొచ్చు. శాఖ మీద కాదు, ఆర్డరు అమలు చేయాల్సిన అధికారి పేరు, హోదా రాసి వేస్తారు, అందుకే వాళ్లు కదులుతారు. చట్టంలో శిక్ష 6 నెలల వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా ఉంది, మామూలుగా అంతదాకా వెళ్లదు, నోటీసు అందగానే ఫైలు కదలడం నేను చాలాసార్లు చూశాను.

ఒకటి మాత్రం అశ్రద్ధ చేయొద్దు. ధిక్కరణ జరిగిన తేదీ నుంచి ఒక్క సంవత్సరం లోపే వేయాలి, 20వ సెక్షన్. మీ ఆర్డర్లో 8 వారాల గడువు ఉంది కాబట్టి, కాపీ అందిన 8 వారాలకి ఆ గడువు ముగిసింది, అక్కడి నుంచి సంవత్సరం లెక్క. మీరు చెప్పిన ఎనిమిది నెలల్లో రెండు నెలలు తీసేస్తే ఆరు నెలలు ఇప్పటికే అయిపోయాయి, ఇంకో ఆరు నెలలే ఉన్నాయి. "ఒపీనియన్‌కి పంపాం", "అప్పీలు వేయబోతున్నాం" అన్న మాటలతో ఈ సంవత్సరం ఆగదు. అప్పీలు వేసినా సరే, దాంట్లో స్టే రానంతవరకూ ఆర్డరు అమల్లో ఉన్నట్టే.

ఏజీకి ఉత్తరం రాయాలా అన్నారు. రాయండి, తప్పులేదు, మర్యాదగా ఒక పేజీలో: కేసు నంబరు, ఆర్డరు తేదీ, గడువు ఎప్పుడు ముగిసింది, ఆర్డరు అమలు చేయమని శాఖకి సలహా ఇవ్వండి అని. మంచి ఏజీ అయితే ఆ ఒక్క పేజీ చాలు. కానీ దాన్ని నమ్ముకుని గడువు దాటనివ్వకండి, ఆ ఉత్తరం పక్కన మీ లాయరుతో శాఖకి నోటీసు కూడా వెళ్లాలి. ఆర్డరు సర్టిఫైడ్ కాపీ, దాన్ని శాఖకి ఇచ్చినట్టు ముద్ర వేసిన రసీదు, ఈ రెండూ మీ దగ్గర ఉన్నాయో లేదో ముందు చూసి చెప్పండి. రసీదు లేకపోతే ఏం చేయాలో అప్పుడు రాస్తాను.